అడుగు సొట్ట

రెండున్నరకు లేస్తాను.
కొండమీద కల్యాణకట్టలో నాది తెల్లారుజాము డ్యూటీ.
జీవకోనలో ఆ వేళకు
మేలుకునుండేది ముగ్గురమే,
కుళాయి, నేను, రైస్ కుక్కరు.

రెండు గ్లాసుల పాత బియ్యం.
గింజల మీద చూపుడు వేలు నిలబెడితే
మొదటి గణుపు దాకా నీళ్ళు.
కొత్త బియ్యమైతే గోరంత తక్కువ.
కుక్కరుతో వచ్చిన కొలత కప్పు
చెంగమ్మత్త ఉప్పు డబ్బాలో
ఏనాడో కాపురం పెట్టేసింది.

గిన్నె లోపలికి దించేముందు
అడుగు తుడవాలి.
కొంగుతో ఒకసారి, అరచేత్తో ఒకసారి.
ఒక్క మెతుకు కింద ఇరుక్కున్నా
గిన్నె కుదురుగా కూర్చోదు,
సగం అన్నం, సగం పలుకు.
తలకు కత్తి పెట్టేముందూ అంతే:
నీళ్ళు చల్లి, వేళ్ళతో తడిమి,
పులిపిరి యాడుందో, పాత కుట్టు యాడుందో
తెలుసుకున్నాకే మొదలు.

స్టీలు పీచు తగలనివ్వను.
అడుగంటితే నీళ్ళు పోసి వదిలేస్తాను,
నానితే తనంత తానే విడుస్తుంది.
గాటు పడకుండా గీయడం
నాకు కూడు పెట్టిన విద్య.

అది టక్‌మనే వేళకు
నేను ఘాట్ రోడ్డు మలుపుల్లో
బస్సు కిటికీకి తల ఆనించి ఉంటాను.
ఇంట్లో ఎర్ర దీపం ఆరి పసుపు దీపం వెలుగుతుంది.
ఎవరు ఎప్పుడు లేస్తే అప్పుడు వేడన్నం.

అత్తకది అన్నమే కాదు.
"మిషను బువ్వ మేయ్, తిన్నా తిన్నట్టుండదు."
గ్యాసు అయిపోయిన ఒక పూట,
నేను కొండమీద ఉండగా,
కుక్కరులో నూకలు ఉడకబెట్టి
రాగిపిండి గుట్టగా పోసి మగ్గనిచ్చి,
గిన్నె బయటికి తీసి, గోనెపట్ట చుట్టి,
గడప రాయి మీద
రెండు పాదాల మధ్య బిగించుకొని
కట్టెతో గెలికింది.

ఊరిబిండితో మా ఆయన దామోదరం
మూడు ముద్దలు తిన్నాడంట.
నాకు ఒక ముద్ద మిగిలింది.
గిన్నె అడుగున ఒక సొట్ట.

మర్నాడు అన్నం ఒకపక్క మాడింది,
ఒకపక్క పళ్ళకింద కరకర.
నేనేమీ అనలేదు.
అనకపోయినందుకు అత్తకు కోపమొచ్చింది.
"మట్టికుండ కూడా ఇంత సుకుమారం పోలేదమ్మా!"

కొర్లగుంటలో సుభాన్ సాయిబు
గిన్నె బోర్లించి స్కేలు పెట్టి చూపించాడు.
స్కేలుకీ అడుగుకీ మధ్య
నెలవంకంత వెలుతురు.
"వేడంతా ఈ సందులోనే పోతాండాది."
కింది పళ్ళేనికి అంటిన బోరునీళ్ళ సున్నాన్ని
ప్లగ్గు పీకి, చల్లారినాక
పొడిగుడ్డతో తియ్యమన్నాడు,
నీళ్ళు మాత్రం పొయ్యొద్దన్నాడు.
తర్వాత కొయ్య సుత్తి తీసుకొని
గిన్నె లోపల్నించి తట్టాడు.
తట్టడం కాదది, జోకొట్టడం.
ఆ మణికట్టు ఆడిన తీరు చూస్తే
ఇతని చేతికి కత్తి ఇవ్వొచ్చనిపించింది.
నలభై రూపాయలు.

ఇంటికి తెచ్చి అత్త చేతిలో పెట్టాను.
శుక్లాలు ముదిరిన కళ్ళు ఎటో పెట్టి
అడుగంతా అరచేత్తో నిమిరింది.
"ఇంగా రవ్వంత ఉండాదే."
సుభాన్ స్కేలుకు దొరకనిది.
గిన్నె తనే కుక్కరులోకి దించి
చంటిబిడ్డను చంకలో సర్దినట్టు
ఇటు పావు తిప్పు, అటు పావు తిప్పు,
"ఊ, కూచునింది."

ఈ రోజు నాకు సెలవు.
అయినా రెండున్నరకే మెలకువ.
అడుగు తుడిచి, పావు తిప్పు తిప్పి,
మీట నొక్కి మళ్ళీ పడుకున్నాను.
ఎన్నేళ్ళయిందో దీని టక్‌ను
పక్కమీద నుంచి విని.
టక్‌మంది.
మూత తీద్దామని లేచానో లేదో
చీకట్లోంచి అత్త గొంతు:
"తెరిచేవు!
పది నిమిషాలు దాని మానాన దాన్ని మగ్గనీ."